బస్సు వంతు

దసరా పోయి పది రోజులు తిరిగేసరికి హనుమకొండ సుబేదారిలో మా గేటు ముందు సీతాఫలాల గంపలు దిగుతాయి. ములుగు దిక్కు నుంచి వచ్చే ఆడవాళ్లు తెల్లవారీ తెల్లవారకముందే ఆటోల్లో గంపలు వేసుకొచ్చి, కింద మోదుగాకులు పరిచి, కండ్లు తెరిచిన కాయలను ఒకవైపు, ఇంకా గట్టిగా ఉన్నవాటిని ఇంకోవైపు పేర్చుకొని కూర్చుంటారు. పాలప్యాకెట్ కోసం బయటికి వెళ్లిన నేను అవసరం లేకపోయినా ఆ గంపల దగ్గర కాసేపు నిలబడతాను. పచ్చి ఆకు, పండిన గుజ్జు, గంప అడుగున అంటిన మట్టి, ఇవన్నీ కలిసిన ఆ వాసనలో నాకు డీజిల్ వాసన కూడా తగులుతుంది. కాయల్లో డీజిల్ ఉండదని నాకూ తెలుసు. మా ఊరి సీతాఫలాలు బస్సు టాపు మీదెక్కి హనుమకొండకు వచ్చేవి కాబట్టి నా ముక్కు ఆ రెండింటినీ విడదీయడం నేర్చుకోలేదు. అరవైకి వచ్చిన ముక్కుకు ఇప్పుడు కొత్తగా నేర్పేదేముంది.

మా ఊరు రేగులపాడు. వరంగల్ నుంచి ఏటూరునాగారం పోయే రోడ్డు మీద సోమారం వస్తుంది. అక్కడ దిగి, ఎడమచేతి వైపు బండ్లబాట పట్టుకొని, రెండు గుట్టల నడుమ నుంచి అయిదు మైళ్లు లోపలికి పోతే మా ఊరు. నాకు ఊహ తెలిసేనాటికి యాభై గడపలు ఉండేవి. తొలకరి పడగానే గుట్ట మీద పుట్టగొడుగులు లేచేవి, తొలి ఏకాదశికి మా అవ్వ జొన్న పేలాలు వేయించి బెల్లం కలిపి విసిరిన పిండి పిడికెడు పిడికెడు పెట్టేది, అది నోట్లో పోసుకొని మాట్లాడబోయి ఒకరి మొహం మీద ఒకరం ఊదుకొనేవాళ్లం. సద్దుల బతుకమ్మ నాడు నువ్వుల సద్ది, పల్లి సద్ది, నెయ్యి ఓడే మలీద ముద్దలు. చలికాలం పొద్దునపూట ఉప్పు వేసి ఉడకబెట్టిన అనపకాయలు. ఎండాకాలం వస్తే అడవి మొత్తం మాదే, మొర్రిపండ్లు, తునికిపండ్లు తిని నాలుకలు మొద్దుబారి, మధ్యాహ్నం అంబలి తాగి, సాయంత్రం దాకా కచ్చకాయలు ఆడి ఆడి చేతివేళ్ల వెనక తోలు ఊడేది. ఊరికి ఏదో తక్కువైందని మాకెప్పుడూ అనిపించలేదు, ఎందుకంటే ఇంకో ఊరు మేము చూడలేదు.

ఆ ఇంకో ఊరు సోమారం. ఆరో తరగతికి నేను అక్కడి హైస్కూల్లో చేరినప్పుడు మొదట ఆశ్చర్యపడింది బడిని చూసి కాదు, చప్పుడుకు. రైస్ మిల్లు చప్పుడు, వెల్డింగ్ షాపు చప్పుడు, కరెంటు మోటార్ల చప్పుడు, టూరింగ్ టాకీసు వాళ్లు రిక్షాకు మైకు కట్టి తిరిగే చప్పుడు. వరంగల్ కోమట్లు వచ్చి కిరాణాలు, ఎరువుల దుకాణాలు తెరిచారు. రోడ్డు పక్క చెలకలు గజాల లెక్కన అమ్ముడుపోతున్నాయి. మిరప, పత్తి వేసినవాళ్లు పెంకులు దించి స్లాబులు పోస్తున్నారు. అక్కడ ఒక్కో వీధికి ఒక్కో చిర్రగోనె జట్టు ఉండేది, ఒక వీధి పిల్లలు ఇంకో వీధి పిల్లలను ఆడనిచ్చేవారు కాదు. మా ఊర్లో అప్పటికే మగపిల్లలు రెండు జట్లకు సరిపోక మమ్మల్ని బతిమిలాడి ఆటలో కలుపుకొనేవారు. ఆడపిల్లలు చిర్రగోనె ఆడటమేమిటని కసిరే పెద్దవాళ్లు కూడా కొన్నాళ్లకు కసరడం మానేశారు.

ఒక ఊరు తగ్గిపోవడం ఎట్లా ఉంటుందంటే, ముందు ఎవరూ గమనించరు. చెరువు పూడిపోయి రెండో పంట ఆగిపోయింది. రెండో పంట లేకపోయేసరికి పని చేసినందుకు ఏడాదికింత అని గింజలు కొలిచే రైతులు తక్కువ కొలిచారు. తక్కువ కొలిచేసరికి నాగళ్లు చేసే వడ్లాయన తన పనిముట్ల పెట్టె బండిమీద పెట్టుకొని సోమారం పోయాడు. మంగలాయన ఆదివారం మాత్రం వచ్చేవాడు, తర్వాత అదీ మానుకొని, కావలసినవాళ్లే సోమారం రండి అన్నాడు. మా ఊరి మొగపిల్లలకు పిల్లనిచ్చేందుకు వచ్చినవాళ్లు అన్నం తిని, చేతులు కడుక్కొని, "కబురు జేస్తం" అని పోయి కబురు చేసేవాళ్లు కాదు. అదే సోమారంలో సైకిల్ పంక్చర్లు వేసేవాడికి కూడా సంబంధాలు వరుస కట్టేవి. బతుకమ్మకు చావడి ముందు రెండు వలయాలుగా ఆడే ఆడవాళ్లు ఒక వలయానికి వచ్చారు. మాకు, అంటే పిల్లలకు, ఖాళీ ఇండ్లు ఎక్కువై దాగుడుమూతలకు చోటు పెరిగింది. నిజం చెప్పాలంటే మేము సంతోషించాం.

మా ఊరికి ఒక బస్సు వచ్చేది. పొద్దున ఎనిమిదికి వచ్చి హనుమకొండ తీసుకుపోయేది, సాయంత్రం అయిదున్నరకు మళ్లీ తెచ్చి దింపి ఖాళీగా వెనక్కి పోయేది. ఆ బస్సు మీదనే నా చదువు ఆధారపడి ఉండేది. మా ఊరి మగపిల్లలు సైకిళ్ల మీదనో నడిచో పోయేవారు. ఆడపిల్లలు అయిదో తరగతితో ఆగిపోయేవారు, గుట్టల నడుమ బాటన ఆడపిల్లను ఎవరు పంపుతారు? బస్సు ఉంది కాబట్టి మా బాపు ఒప్పుకున్నాడు. "బస్సున్నన్ని దినాలు పో. బస్సు బందయితే నువ్వు బంద్," అని మొదటిరోజే చెప్పాడు. మా బాపు మంచివాడే, కాకపోతే ఆయన మంచితనం బస్సు టైమింగులను బట్టి ఉండేది.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా వానాకాలంలో ఒకరోజు కండక్టరు టీ నీళ్లు తాగుదామని మా అరుగు మీద కూర్చొని మా తాత మల్లయ్యతో మెల్లగా విషయం చెప్పాడు.

"పెద్దమనిషీ, సోమారం దాటినంక బస్సుల నేను, డ్రైవరు, నీ మనుమరాలు. బడి పాసు లెక్కల రాదు. దసరా దాక చూస్తరట. టికెట్లు తెగకపోతె సోమారం కాడ్నే మళ్లిపొమ్మంటాన్నరు."

"ఎందరుంటె సాలు?"

"పోను ముగ్గురు, రాను ముగ్గురన్న ఉంటె నేను ఏదో ఒకటి చెప్పుకుంట."

నేను తలుపు వెనక నిలబడి విన్నాను. ఆ రోజు అన్నం సహించలేదని నాకు బాగా గుర్తు. పన్నెండు పదమూడేళ్ల పిల్లకు చదువు మీద అంత ప్రేమ ఉంటుందా అంటే ఏమో, నాకు ఇంగ్లీషు చెప్పే టీచరమ్మ ఇస్త్రీ చీర మీద ప్రేమ ఉండేది. అలాంటి చీర కట్టుకొని, చాక్‌పీసు పట్టుకొని నిలబడాలని గట్టిగా కోరుకున్నాను. ఆ కోరిక ఎవరికీ చెప్పలేదు, తాతకు మాత్రం చెప్పాను.

మా తాతకు అక్షరం రాదు. కాని చెరువు నిండుగా ఉన్న కాలంలో ఏ మడికి ఏ రోజు నీళ్లు, ఎన్ని గడియలు అన్న వంతులు ఊరందరివీ నోటితో చెప్పగలిగేవాడు. వంతు వచ్చినవాడు ఇంట్లో పెండ్లి ఉన్నా, ఒంట్లో జ్వరం ఉన్నా తూము దగ్గరికి రావాలి, రాలేకపోతే తన బదులు మనిషిని పంపాలి. "నాకు పనున్నది" అనే మాట వంతు ముందు చెల్లదు. చెరువు పూడాక ఆ వంతులన్నీ ఆయన తలలో ఊరికే పడి ఉన్నాయి. కండక్టరు మాట విన్న నాలుగో రోజు తాత చావడి దగ్గర అందరినీ కూర్చోబెట్టి, నీళ్లకు వంతు పెట్టుకున్నవాళ్లం బస్సుకు పెట్టుకోలేమా అని అడిగాడు. రోజుకు మూడిండ్లు. ఇంటికొక మనిషి. పొద్దున ఎక్కాలి, సాయంత్రం దిగాలి.

"పనిలేకుంట పట్నం పోయి ఏం జెయ్యాలె?" అని ఎవరో అడిగారు.

"ఏం జెయ్యకు. పో, రా," అన్నాడు తాత.

నవ్వారు గాని ఒప్పుకున్నారు. బస్సు ఉన్న ఊరు, బస్సు లేని ఊరు అనే తేడా సంబంధాలు మాట్లాడేటప్పుడు ఎంత పని చేస్తుందో మగపిల్లలున్న ఇండ్లవాళ్లకు తెలుసు. అప్పటికింకా నలభై అయిదు గడపలు మిగిలాయి కాబట్టి ఒక ఇంటికి వంతు రెండు వారాలు దాటాక గాని వచ్చేది కాదు.

ఇక మా ఊరు ఊరంతా ఒక పనిలేని ప్రయాణం మొదలుపెట్టింది. వంతు ముందురోజే సద్ది కట్టుకొనేవారు, పిల్లలు మేమంటే మేమని కొట్లాడేవారు. ఒకాయన అరిగిన కొడవలికి కక్కు పెట్టించడానికి హనుమకొండ దాకా పోయి, అది మర్చిపోయి, చౌరస్తాలో బొగ్గుల బండి పంచర్ అయితే దాన్ని తోసి వచ్చాడు. పొలం గట్టు తగాదా మీద ఆరేళ్లుగా మాట్లాడుకోని ఇద్దరు అన్నదమ్ములు ఒకేరోజు వంతు పడి, ఒకే సీట్లో పోయి, తిరిగి వచ్చేటప్పుడు ఒకే పొట్లంలోని మిర్చి బజ్జీలు తింటూ దిగారు. ఊర్లో ఒక మంచం మీద కూర్చోని కులాలవాళ్లు బస్సులో ఒక సీటు మీద కూర్చోక తప్పింది కాదు. మొదట కొందరు నిలబడే ప్రయాణం చేశారు. అయిదు మైళ్ల గుంతలబాట ఎవరినైనా కూర్చోబెడుతుంది.

మా పక్కింటి నర్సవ్వ సంగతి చెప్పకుండా ఉండలేను. ఒంటరి ముసలమ్మ, సోమారం కూడా సరిగా చూడని మనిషి. తన వంతు రోజున ముతక చీర ఉతికి కట్టుకొని, జొన్నరొట్టె మూటతో ముందు సీట్లో కూర్చుంది. హనుమకొండ బస్టాండులో అందరూ దిగారు, ఆమె దిగలేదు. ఆ బస్సు పరకాల పోయి వచ్చింది, నర్సంపేట పోయి వచ్చింది, నర్సవ్వ కదలలేదు. నర్సంపేటలో కండక్టరుకు అనుమానం వచ్చి, "అవ్వా, ఎక్కడ దిగుతవే?" అని అడిగితే ఆమెకు కోపం వచ్చింది.

"బస్సుకు వంతు బిడ్డా నాది. బస్సు ఇడిసి దిగుతె వంతు తప్పదా? నీళ్ల వంతు నాడు తూము ఇడిసి పోతమా?"

ఆ రోజు సాయంత్రం ఊరంతా ఆమె చుట్టూ చేరి పరకాల ఎట్లుంది, నర్సంపేట ఎట్లుంది అని అడిగింది. రెండు ఊర్లలోనూ ఎండ ఎక్కువేనని చెప్పింది. అప్పటి నుంచి ఆమె మాటకు విలువ పెరిగింది.

బస్సు బంద్ కాలేదు. దసరా పోయింది, సంక్రాంతి పోయింది, నేను తొమ్మిదికి వచ్చాను. సోమారం పిల్లలు ఈ కథ విని మమ్మల్ని "వంతు బస్సోళ్లు" అని పిలవడం మొదలుపెట్టారు. తరగతిలో ఎవరైనా ఆలస్యంగా వస్తే, "ఏందే, నీ వంతు రాలేదా?" అని నా దిక్కు చూసి నవ్వేవారు. ఊర్లో అది మాకు గొప్ప, అయిదు మైళ్లు దాటితే అదే నగుబాటు. నేను మా ఊరి పేరు చెప్పడం తగ్గించాను. కొత్తగా వచ్చిన సారు ఏ ఊరని అడిగితే, "ఇక్కడ్నే సార్, దగ్గర్నే," అనేదాన్ని.

ఈలోగా ఎవరూ అనుకోనిది ఒకటి జరుగుతోంది. పనిలేకుండా పట్నం పోయినవాళ్లు పొద్దంతా ఏం చేస్తారు? తిరుగుతారు. తిరిగితే మనుషులు కనబడతారు. ఒక సాలె ఆయన తన వంతు రోజున వరంగల్ కాశిబుగ్గలో చుట్టాల ఇంటికి పోయి, అక్కడ మగ్గం ఖాళీగా ఉందని తెలిసి రెండో వంతు రోజున భార్యను కూడా తీసుకుపోయి చూపించాడు. మూడో వంతుకు ఆ ఇంటి నుంచి ఎవరూ రాలేదు, వాళ్లు కాశిబుగ్గలో ఉన్నారు. ఆయన వెనక మిగిలిన సాలె ఇండ్లు ఒక్కొక్కటే కదిలాయి. ఒకామె మార్కెట్ యార్డులో మిరపకాయలు ఏరే పని చూసుకొని వచ్చింది. ఇంకొకాయన బియ్యం దుకాణంలో కావలి కుదిరాడు. వంతు లేని రోజుల్లో కూడా జనం బస్సెక్కసాగారు. పొద్దున బస్సు నిండుగా పోతుంటే తాత చావడి దగ్గర నిలబడి మీసం దువ్వుకొనేవాడు. ఆయన పొద్దున బస్సునే చూశాడు. సాయంత్రం బస్సును నేను చూసేదాన్ని, అందులోనే వచ్చేదాన్ని కాబట్టి. పోయినంత మంది తిరిగి వచ్చేవారు కాదు. బస్సు టాపు మీద పొద్దున మూటలు, బిందెలు, ఒకసారి తిరగలి కూడా ఎక్కింది. సాయంత్రం టాపు ఖాళీ. నేను ఆ సంగతి తాతతో అనలేదు, బస్సు నడుస్తోంది కదా, నాకు అంతే కావాలి.

నేను పదో తరగతికి వచ్చేసరికి ఇరవై రెండు గడపలు మిగిలాయి, పోయేవాళ్లంతా పోయాక బస్సుకు మళ్లీ వంతువాళ్లే దిక్కయ్యారు. వంతు వారానికోసారి రాసాగింది. వారానికోసారి ఒక మనిషి కూలి పోగొట్టుకొని, టికెట్టు పెట్టుకొని, ఊరికే పోయి ఊరికే రావాలంటే కింది వాడవాళ్లకు అదెంత బరువో మా ఇంట్లో ఎవరమూ ఆలోచించలేదు. ఆలోచించినట్టు నటించను కూడా. పత్తి ఏరే రోజుల్లో చావడి దగ్గర మళ్లీ కూర్చున్నారు. కింది వాడ సాంబయ్య, మా పొలంలోనే కూలికి వచ్చే మనిషి, ఎప్పుడూ తాత ముందు కూర్చోనివాడు, ఆ రోజు కూడా నిలబడే మాట్లాడాడు.

"పటేలా, ఒక్క మాట అడుగుత, కోపం జెయ్యకు. గీ బస్సు ఎవలకు కావాలె? మాకు పోవుడుంటె సోమారం దాక నడుస్తం. మొగపిల్లలు సైకిళ్ల మీద పోతాండ్రు. పాసు మీద పోయేది నీ మనుమరాలు ఒక్కతే. గా పిల్ల సదువుకు ఊరంత టికెట్ కొనాల్నా?"

నేను మా అరుగు మీద లెక్కల పుస్తకం తెరిచి కూర్చొని వింటున్నాను. నాకు సాంబయ్య మీద చెప్పలేనంత కోపం వచ్చింది, ఎందుకంటే ఆయన అన్నది నిజం. బాపు తల దించుకొని, "బంద్ జేద్దాం తియ్యి. పిల్ల ఇంట్ల ఉంటది," అన్నాడు. పరీక్షలకు ఇంకా నాలుగు నెలలు ఉన్నాయి.

తాత, "సాంబయ్య అన్నది ధర్మమే. రేపటి సంది ఎవ్వలకు వంతు లేదు. అన్ని వంతులు నావే," అని లేచాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా తాతకు బస్సు పడదు. రెండేండ్లకు పైగా ఊరందరినీ బస్సెక్కించిన మనిషి తన ఇంటి వంతుకు ప్రతిసారీ మా బాపునే పంపాడు. ఎందుకని అడిగితే ఊర్లో ఒక పెద్దమనిషి ఉండాలి కదా అనేవాడు. మర్నాడు పొద్దున ఎనిమిదికి తెల్ల ధోవతి, భుజాన కండువా, చేతిలో కర్రతో వచ్చి నా పక్కన కూర్చున్నాక మొదటి గుట్ట మలుపులోనే ఆయన మొహం తెల్లబడింది. రెండో గుట్ట దగ్గర బస్సు ఆపించి దిగాడు. కండక్టరు నీళ్లిచ్చాడు. నోరు కడుక్కొని మళ్లీ ఎక్కి, కండువాతో మొహం తుడుచుకొని, "మూడు టికెట్లు కొట్టు," అన్నాడు.

"ఇంక ఇద్దరేరి తాతా?"

"ఉన్నరు తియ్యి. నీకెందుకు, కొట్టు."

ఆ నాలుగు నెలలూ, బడి ఉన్న ప్రతిరోజూ, తాత మూడు టికెట్లు తీసుకొని ఒక సీట్లో కూర్చున్నాడు. పొద్దున తినడం మానేశాడు, బుగ్గన చింతపండు పెట్టుకొనేవాడు, కిటికీ చువ్వ రెండు చేతులా పట్టుకొనేవాడు. నేను సోమారంలో దిగేదాన్ని, ఆయన హనుమకొండ దాకా పోయి బస్టాండు బెంచీ మీద సాయంత్రం వరకు పడుకొని తిరిగి వచ్చేవాడు. సోమారంలోనే దిగి ఉండొచ్చు కదా, సగం కష్టం తప్పేది కదా అని ఒకరోజు అన్నాను. "వంతంటె పట్నం దాక బిడ్డా. సగం వంతుంటదా?" అన్నాడు. సోమారం పిల్లలు బస్సు కిటికీలో వాంతి చేసుకొని వాడిపోయిన ముసలాయనను చూసి, మీ తాతనా అని అడిగారు. కాదు అనలేదు. అవునని కూడా అనలేదు, పుస్తకాల సంచి సర్దుకొని నడిచాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు మొహం మీదికి వేడి వస్తుంది.

పరీక్షలు అయిపోయాయి. చివరి పరీక్ష మర్నాడు బస్సు వచ్చి హారన్ కొట్టింది, తాత మంచం మీద నుంచి లేవలేదు. జబ్బు చేసి కాదు, పని అయిపోయిందని. ఇంకో వారం ఖాళీగా వచ్చి పోయి, బస్సు రావడం మానేసింది. దాని గురించి ఊర్లో ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. ఆ ఎండాకాలంలోనే మా బాపు సోమారంలో రోడ్డు వెనక జాగా తీసుకొని రెండు గదులు వేశాడు, వానలు పడకముందే మేమూ బండి కట్టుకొని వచ్చేశాం.

సోమారంలో తాత ఎవరికీ ఏమీ కాడు. రేగులపాడులో ఆయన వీధిలోకి వస్తే మంచం వాల్చేవారు. ఇక్కడ సైకిళ్లు గంట కొట్టి పక్కకు తప్పించేవి. "రేగులపాడాయన" అనేవారు, అదే ఆయన పేరు. కరెంటు బుగ్గ కింద కూర్చొని, ఈ వీధి మోరీ ఎవరి వంతు, ఈ బోరింగు ఎవరి వంతు అని అడిగేవాడు. ఇక్కడ వంతులుండవు, పంచాయతీ చూసుకుంటుంది అంటే నమ్మేవాడు కాదు. మాకంటే ముందే వచ్చి రైస్ మిల్లులో హమాలీల మేస్త్రీ అయిన సాంబయ్య ఒకరోజు హోటల్ ముందు ఆయనను చూసి, "మల్లయ్యా, దా, గిట్ల కూసో, చాయ్ తాగు," అని బెంచీ మీద జరిగాడు. పటేలా అనలేదు. తాత ఒక క్షణం నిలబడి, తర్వాత పోయి కూర్చున్నాడు. ఇంటికి వచ్చి, "సాంబయ్య బాగనే బతుకుతాండు," అన్నాడు. అందులో ఈర్ష్య లేదు, కొంచెం సంతోషమే ఉంది. అట్లా ఒకే బెంచీ మీద కూర్చోవడం రేగులపాడులో ఉంటే ఇద్దరికీ సాధ్యమయ్యేది కాదు, అది కూడా చెప్పుకోవాలి. తగ్గిపోయిన ఊరికి ఏడ్చేవాళ్లం ఆ ఊర్లో ఎవరి మంచం మీద ఎవరు కూర్చున్నారో మర్చిపోతాం.

నాకు మార్కులు బాగా వచ్చాయి. హనుమకొండలో కాలేజీ, హాస్టల్. ఫారాలు తెచ్చి ఇంటి అరుగు మీద కూర్చొని నింపాను. సొంత ఊరు అన్న గీత దగ్గర కలం ఆగింది. రేగులపాడు అని రాస్తే హాస్టల్లో అమ్మాయిలు అదెక్కడ అంటారు, సోమారం నుంచి ఎవరైనా ఉంటే వంతు బస్సు కథ చెబుతారు. సోమారం అని రాశాను. బాపు ఊర్లో లేడు, పెద్దల సంతకం చోట తాత వేలిముద్ర కావాలి. ఆయన ఆ కాగితాన్ని రెండు చేతులా పట్టుకొని, చదవగలిగినవాడిలాగే పై నుంచి కింది దాకా చూశాడు.

"మన ఊరి పేరు రాసినవా బిడ్డా?"

"రాసిన తాతా."

సిరాడబ్బాలో బొటనవేలు అద్ది, నేను చూపించిన చోట కాగితం చిరుగుతుందేమో అన్నంత గట్టిగా ఒత్తాడు. నా జీవితంలో నేను చాలా అబద్ధాలు ఆడి ఉంటాను, ఏదీ గుర్తులేదు. ఇది ఒక్కటే గుర్తుంది.

టీచరుగా ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను, ఇస్త్రీ చీరలు బోలెడు కట్టాను. నేను ఉద్యోగంలో చేరిన ఏడాదే తాత పోయాడు. పోయిన ఎండాకాలం కారులో రేగులపాడు చూసి వచ్చాను. అయిదు మైళ్లూ నల్లటి తారు రోడ్డు, పది నిమిషాలు కూడా పట్టలేదు. చావడి లేదు. ఇండ్లున్నచోట మామిడితోట, దాని చుట్టూ ముళ్లకంచె, లోపల కాపలా మనిషి ఒడిశా నుంచి వచ్చాడట, ఇక్కడొక ఊరుండేదని ఆయనకు తెలియదు. సోమారం మాత్రం పెరిగి పెరిగి నాలుగు వరుసల రోడ్డుకు రెండు వైపులా పరుచుకుంది.

మొన్న పింఛను పని మీద మీసేవకు వెళ్లాను. కంప్యూటర్ ముందున్న కుర్రాడు పేరు, పుట్టిన ఏడాది అడిగి, "సొంతూరు మేడం?" అన్నాడు.

"రేగులపాడు," అన్నాను. ఇన్నేళ్లలో ఒక ఫారానికి ఆ పేరు చెప్పడం అదే మొదటిసారి.

వాడు మీటలు నొక్కాడు, వెతికాడు, అక్షరాలు మార్చి మళ్లీ వెతికాడు.

"లిస్టుల లేదు మేడం. దగ్గర్ల ఇంకేదన్న ఊరున్నదా?"

నా వెనక లైను పెద్దగా ఉంది.

"సోమారం," అన్నాను.